ఫర్ సీల్ ఏం తిన్నదో తేల్చే లెక్క: వరంగల్ ల్యాబులో చెవిరాళ్ల ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలైంది

దక్షిణ మహాసముద్రంలోని దీవుల మీద పిల్లల్ని కనే ఫర్ సీళ్లు (దట్టమైన బొచ్చున్న సముద్రపు క్షీరదాలు) ఏం తింటాయో వాటి మలంలో దొరికే గట్టి ముక్కల్ని బట్టి తేలుస్తారు. ఆ ముక్కలు మూడు రకాలు: చేపల ఓటోలిత్‌లు అంటే చెవిరాళ్లు, స్క్విడ్ ముక్కులు, రొయ్యలా కనిపించే చిన్న జీవి క్రిల్ పెంకులు. మెక్వారీ, హర్డ్, మేరియన్, కెర్గెలెన్, సౌత్ జార్జియా దీవుల మీద తయారైన ఆహార పట్టికల్లో చాలా భాగం ఈ పద్ధతి మీదే నిలబడ్డాయి. ఆ పట్టికల ఆధారంగా చేపల వేట పరిమితుల దాకా చర్చ వెళ్తుంది కాబట్టి, పద్ధతిలో ఏ మెట్టు దగ్గర ఎంత జారిపోతుందో తెలియకుండా అంకెల్ని నమ్మడం మంచిది కాదు.

వరంగల్‌లో సీల్ మలం దొరకదు. దొరికేవి చేపల తలలు, జల్లెళ్లు, ఆమ్లం, ఒక స్టీరియో మైక్రోస్కోపు. వాటితో ఆ పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా చేసి చూడటమే ఈ ప్రాజెక్టు. జంతుశాస్త్రం పీజీ విద్యార్థులు రేపు ఏ జంతువు ఆహారం మీద పనిచేసినా, గోదావరిలో నీటికుక్కల మీదైనా సరే, ఇదే పని చేయాల్సి ఉంటుంది.

పటం చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. వరంగల్ ఉన్నది దాదాపు 79.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. అక్కడి నుంచి గీతను సూటిగా దక్షిణానికి లాగుతూ పోతే సబ్‌అంటార్కిటిక్ ఫర్ సీళ్లు పిల్లల్ని పెంచే ఆమ్‌స్టర్‌డామ్ దీవి రెండు డిగ్రీలు మాత్రమే పడమరగా తగులుతుంది. ఇంకా కిందికి పోతే హర్డ్ దీవి, ఆరు డిగ్రీలు పడమరగా. మన తీరం దాటాక మధ్యలో ఉన్నదంతా హిందూ మహాసముద్రమే.

అక్కడి సీళ్ల సంగతి, పనికి కావలసినంత

రెండు జాతులు ముఖ్యం. అంటార్కిటిక్ ఫర్ సీల్ (ఆర్క్టోసెఫాలస్ గజెల్లా) పిల్లకు నాలుగు నెలలే పాలిస్తుంది. సబ్‌అంటార్కిటిక్ ఫర్ సీల్ (ఆర్క్టోసెఫాలస్ ట్రోపికాలిస్) పది నెలల దాకా పాలిస్తుంది. తల్లి సముద్రంలోకి పోయి తిని వస్తుంది, ఒడ్డున పిల్లకు పాలిస్తుంది, మళ్లీ పోతుంది. ఈ రాకపోకల నిడివి దీవిని బట్టి ఎంతో మారుతుంది. మెక్వారీలో కొన్ని తల్లులు ఒక్క రాత్రిలో పోయి వచ్చేస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో చలికాలం వస్తే మూడు వారాలు దాటినా తిరిగిరావు.

ఈ తేడా మన లెక్కకు నేరుగా తగులుతుంది. కడుపులో పడిన చెవిరాయి ఒకటి రెండు రోజుల్లో బయటికి పోతుంది. ఒక్క రాత్రి వేటకు పోయి వచ్చిన తల్లి మలంలో ఆ వేట మొత్తం ఉంటుంది. మూడు వారాలు తిరిగి వచ్చినదాని మలంలో చివరి ఒకటి రెండు రోజులే ఉంటాయి, అంటే దీవికి దగ్గరలో తిన్నదే. దూరాన ఏం తిన్నదో ఆ ముద్ద చెప్పలేదు. ఆహార పట్టిక చదివేటప్పుడు వేట ఎన్నాళ్లదో పక్కన రాసి ఉందా లేదా అన్నది ముందు చూడాలి.

తిండి విషయానికొస్తే, సౌత్ జార్జియా వైపు అంటార్కిటిక్ ఫర్ సీళ్లకు క్రిల్ ప్రధానం. హర్డ్, కెర్గెలెన్ వైపు లాంతరు చేపలు, మాకెరెల్ ఐస్‌ఫిష్. మెక్వారీలో లాంతరు చేపలే, అందులోనూ ఎలక్ట్రోనా సబాస్పెరా అనే జాతి. లాంతరు చేపలంటే మిక్టోఫిడ్ కుటుంబం; ఒంటి మీద వెలుగు చుక్కలుంటాయి, పగలు వందల మీటర్ల లోతులో ఉండి రాత్రి పైకి వస్తాయి. ఫర్ సీళ్లు ఎక్కువగా రాత్రిపూట, తక్కువ లోతులో మునిగి తినడానికి కారణం ఇదే. ఆ చేపలు చిన్నవి, కొవ్వు బాగా ఉన్నవి. వాటి చెవిరాళ్లు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోవాలి, జల్లెడ ఎంపిక దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మృగశిర కార్తె: తలల సేకరణ

జూన్ మొదటి వారంలో మృగశిర వచ్చిందంటే తెలంగాణలో ప్రతి ఇంటా చేపల కూర వండాల్సిందే. ఆ రెండు మూడు రోజులు మార్కెట్లో అన్ని సైజులూ ఒకేసారి దొరుకుతాయి. చెవిరాయి పొడవును బట్టి చేప పొడవు కట్టే సూత్రం తయారు చేయాలంటే చిన్నవి, నడిమివి, పెద్దవి అన్నీ కావాలి. మామూలు రోజుల్లో ఒకే సైజు చేపలు వస్తాయి, గ్రాఫు మీద చుక్కలన్నీ ఒకచోటే కుప్పపడతాయి.

తల ఉచితంగా దొరుకుతుంది కదా అని తలలు మాత్రమే తెచ్చుకుంటే పని జరగదు. చేప మొత్తం పొడవు, మూతి నుంచి తోక మొదలు దాకా పొడవు, బరువు తెలియని తల సూత్రానికి పనికిరాదు. అందుకే కొలతపలక, ఒక గ్రాము దాకా చూపే తక్కెడ వెంట తీసుకెళ్లి, కత్తిపీట ముందు కూర్చున్న ఆమెతో "అక్కా, తల కోసే ముందు ఒక్కసారి ఈ పలక మీద పెట్టు, కొలుచుకుంటా" అని అడగడమే పద్ధతి. కొలిచిన చేప తలను అప్పుడే జిప్ కవర్లో వేసి, లోపల పెన్సిల్‌తో రాసిన బటర్ పేపర్ చీటీ పెట్టాలి. పెన్ను సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది.

ఎంచుకున్న చేపలు: కొర్రమట్ట, తిలాపియా (అంగట్లో జిలేబి అంటారు), కోస్తా నుంచి ఐసులో వచ్చే కానాగంతలు, కవళ్లు, క్రోకర్ జాతి చేపలు. మన దగ్గర ఎక్కువగా దొరికే రవ్వ, బొచ్చెలను పక్కన పెట్టాం. కారణం వాటి చెవిలోనే ఉంది. చేప తలలో మూడు జతల చెవిరాళ్లుంటాయి: సాజిట్టా, లాపిల్లస్, ఆస్టెరిస్కస్. చాలా చేపల్లో సాజిట్టా పెద్దది, జాతిని బట్టి ఆకారం మారుతుంది, గుర్తుపట్టడానికి వాడేది అదే. కార్పు జాతుల్లో సాజిట్టా సూదిలా సన్నగా ఉండి ముట్టుకుంటే విరుగుతుంది, పెద్దది ఆస్టెరిస్కస్. జెల్ల జాతుల్లో లాపిల్లస్ పెద్దది. రవ్వల మీద బతికే జంతువు మలంలో సాజిట్టాల కోసమే వెతికితే అది చేపలే తినలేదని లెక్క వస్తుంది. అక్కడ గొంతు పళ్లు, వెన్నుపూసలు, పొలుసులు చూడాలి. నీటికుక్కల మీద పనిచేసేవాళ్లు ఇది మరిచిపోకూడదు.

పులుసులో ఉడికిన తలలు తీసుకోం. చెవిరాయి ఆరగోనైట్, అంటే సున్నపు పదార్థం. చింతపండు పులుపు దాన్ని తింటుంది. అదే కారణంతో ఫార్మలిన్ కూడా నిషేధం. నిల్వ ఉన్న ఫార్మలిన్ క్రమంగా ఆమ్లంగా మారి, నెలల తర్వాత సీసా తీస్తే రాయి బదులు మసకపొర మిగులుతుంది. తలను నిల్వ చేయాల్సి వస్తే ఫ్రీజరే.

రాయి తీయడం

తిలాపియాకు: కంటి వెనక, చెక్కిలి పలక వెనక అంచుకు సూటిగా, నడినెత్తి నుంచి కిందికి కోయాలి. మెదడు దాకా కోసి ఆపి, తలను రెండు చేతుల్తో వంచి విరవాలి. మెదడు వెనక కింద రెండు పక్కలా పలచని సంచుల్లో తెల్లటి రాళ్లు కనిపిస్తాయి. సన్న మొన ఉన్న పట్టకారుతో సంచి పట్టుకొని లాగాలి, రాయిని నొక్కకూడదు.

కొర్రమట్ట తల గట్టిది, పైనుంచి కోస్తే కత్తి జారి రాయి మీదికే పోతుంది. దానికి వెల్లకిలా తిప్పి, మొప్పలు, కింది దవడ తీసేసి, కపాలం అడుగున రెండు ఉబ్బుల్ని వెతకాలి. పలచని ఎముకను కత్తిమొనతో చిట్లిస్తే రాయి అక్కడే ఉంటుంది.

కానాగంత చెవిరాయి సన్నంగా, పొడుగ్గా, ముందుకు సాగిన మొనతో ఉంటుంది. మొన విరిగిందా లేదా అని మైక్రోస్కోపు కింద వెంటనే చూసి కార్డు మీద రాయాలి. ఆ మాట రాయకుండా కొలిస్తే తర్వాత సూత్రంలో చేప పొట్టిగా వస్తుంది, ఎందుకో ఎవరికీ తెలియదు.

తీసిన రాయిని నీళ్లలో మెత్తని బ్రష్‌తో తుడిచి పొర వదిలించాలి. చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆరాక రాయి మీద తెల్లటి పూత మిగిలి, మధ్య గాడి గీతలు మూసుకుపోతాయి. జాతిని గుర్తుపట్టేది ఆ గాడిని చూసే.

నిల్వకు హోమియో మందుల చిన్న గాజు సీసాలు చక్కగా సరిపోతాయి. ఒక సీసాలో ఒక చేప జత. శ్రావణంలో తేమ వల్ల సీసాలో బూజు పడుతుంది, కాబట్టి నీడలో రెండు రోజులు ఆరబెట్టాకే మూత పెట్టి, సీసాలన్నీ ఉన్న డబ్బాలో సిలికా జెల్ పెట్టాలి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు.

జల్లెళ్లు: నంబరు చూసి మోసపోవద్దు

మూడు జల్లెళ్లు ఒకదాని మీద ఒకటి: 2 మి.మీ., 1 మి.మీ., 0.5 మి.మీ. లాంతరు చేపల రాళ్లు చిన్నవి కాబట్టి చివరిది తప్పనిసరి. 1 మి.మీ. దగ్గరే ఆపేస్తే పెద్ద చేపలు తిన్న సీల్ లెక్క వస్తుంది, చిన్న చేపలు కాలవలోకి పోతాయి.

దుకాణంలో జల్లెడను మెష్ నంబరుతో అడుగుతారు. బీఎస్‌ఎస్ అనే బ్రిటిష్ ప్రమాణం ప్రకారం 30 నంబరు అంటే 500 మైక్రాన్లు. ఏఎస్‌టీఎం అనే అమెరికన్ ప్రమాణం ప్రకారం 30 నంబరు అంటే 600 మైక్రాన్లు. అందులో 500 కావాలంటే 35 అడగాలి. రెండూ ఒకే అలమరలో ఉంటాయి, నంబరు ఒకటే, రంధ్రం వేరు. చట్రం మీద మైక్రాన్లు చెక్కి ఉన్నది చూసే తీసుకోవాలి. స్టీలు జల్లెడ ధర భారమైతే చేపపిల్లల హ్యాచరీలు వాడే నైలాన్ బట్టను ప్లాస్టిక్ పైపు ముక్కకు బిగించుకోవచ్చు, కానీ మైక్రోస్కోపు కింద పెట్టే సన్నగీతల కొలపలక, అంటే స్టేజ్ మైక్రోమీటర్‌తో రంధ్రం కొలిచాకే.

నమూనా ముద్దలు

సీల్ మలానికి బదులు చేతితో చేసిన ముద్దలు. ఒక ముద్దకు: తవుడు 60 గ్రాములు, 0.5 మి.మీ. జల్లెడ నుంచి దిగిన చెరువు మట్టి 40 గ్రాములు, గంజి 60 మి.లీ., నూనె 10 మి.లీ., నలగ్గొట్టిన చేప ముళ్లు, పొలుసులు గుప్పెడు, సన్న ఇసుక రెండు చెంచాలు. ఇసుక కావాలనే కలుపుతాం. ఫర్ సీళ్లు పడుకునే చోటే విసర్జిస్తాయి, అక్కడ ఏరిన ముద్దలో ఇసుక, గులకలు, వెంట్రుకలు ఉండనే ఉంటాయి. తర్వాత లెక్కపెట్టిన చెవిరాళ్లు కలపాలి. కలిపినవాళ్లు సంఖ్యను కవర్లో పెట్టి మూస్తారు. కడిగేవాళ్లు వేరు. ఇది తప్పదు, ఎందుకంటే ఎన్ని ఉన్నాయో తెలిసిన కళ్లు అన్ని దొరికే దాకా వెతుకుతాయి.

ముద్దను రాత్రంతా నీళ్లలో, కొద్దిగా లిక్విడ్ సబ్బు వేసి నానబెట్టాలి. గిన్నెలు తోమే సబ్బుల్లో కొన్ని పుల్లగా ఉంటాయి, పీహెచ్ స్ట్రిప్ ముంచి 7 దగ్గర ఉంటేనే వాడాలి. వేడినీళ్లు వద్దు, గంజి పదార్థం ఉడికి జల్లెడ రంధ్రాలకు పట్టేస్తుంది. పొద్దున సన్నని ధారతో కడగాలి, వేళ్లతో నలపకూడదు.

0.5 జల్లెడలో మిగిలిన దాన్ని నల్లటి అడుగున్న పళ్లెంలోకి మార్చి, బియ్యంలో రాళ్లు గాలించినట్టే గాలించాలి. ఆరగోనైట్ సాంద్రత 2.93, ఇసుకది 2.65. తవుడు, పొలుసులు, ముళ్లు నీళ్లతో పోతాయి. రాళ్లూ ఇసుకా అడుగున ఉంటాయి. చేయి తిరిగినవాళ్లకు చెవిరాళ్లు ఇసుక కంటే కూడా వెనక ఆగుతాయి. పారబోసిన నీళ్లను ఇంకోసారి 0.5 జల్లెడలో పట్టి చూడకుండా వదలొద్దు. కానాగంత రాళ్లు పలచనివి కాబట్టి నీటి మీద ఊగి జారిపోయేవి అవే.

ఇసుక రేణువా, చెవిరాయా అని అనుమానం వస్తే మైక్రోస్కోపు కింద గాడి కోసం చూడాలి. వెనిగర్ చుక్క వేసి బుడగలొస్తే చెవిరాయి అనే పరీక్ష ఉంది కానీ, అది రాయిని పాడు చేస్తుంది. ఎలాగూ కొలవలేని ముక్కకు మాత్రమే అది చేయాలి.

ఇక్కడి దాకా తేలింది ఇది: పెద్ద రాళ్లు దాదాపు అన్నీ వెనక్కి వస్తాయి, చిన్నవీ పలచనివీ తగ్గుతాయి, అదీ మనిషిని బట్టి మారుతుంది. ఒకే ముద్దను ఇద్దరు కడిగితే చిన్న రాళ్ల సంఖ్యలో తేడా రావడం సహజం. అందుకే ఫలితం పట్టికలో కడిగినవాళ్ల కోడ్ ఒక నిలువు వరుస.

ఆమ్లం

ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. సీల్ కడుపులో రాయి ఎలా అరుగుతుందో కొంతైనా చూడాలి.

ద్రావణం: లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 0.9 మి.లీ. కలిపితే సుమారు 0.01 మోలార్, పీహెచ్ 2 దగ్గర. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. గాగుల్స్, గ్లోవ్స్ ఉండాల్సిందే. దాంట్లో కడుపులో మాంసాన్ని అరిగించే ఎంజైమ్ పెప్సిన్ పొడి 5 గ్రాములు. వాటర్ బాత్ 37 డిగ్రీల దగ్గర. పని అయ్యాక వంటసోడాతో విరిచి పారబోయాలి.

ఎక్కడ చెడిపోతుందంటే, ఆమ్లం అయిపోతుంది. లెక్క చూడండి. ఈ ద్రావణం 100 మి.లీ.లో ఉన్న ఆమ్లం 50 మిల్లీగ్రాముల సున్నపు రాయిని కరిగించేసరికి ఖర్చవుతుంది. కానాగంత రాయి కొద్ది మిల్లీగ్రాములే, కాబట్టి దానికి 100 మి.లీ. బీకరు చాలు. పెద్ద క్రోకర్ చెవిరాయి మందంగా, ఎంతో బరువుగా ఉంటుంది. దాన్ని అదే బీకరులో వేస్తే కొంత అరిగి ఆగిపోతుంది, చూసినవాళ్లు ఈ రాయి గట్టిది అనుకుంటారు. ఆగింది రాయి గట్టితనం వల్ల కాదు. పీహెచ్ పైకి పోయింది, పెప్సిన్ కూడా అక్కడ పనిచేయదు. అందుకే ప్రతి అరగంటకు పీహెచ్ చూసి, 2.5 దాటితే ద్రావణం మార్చాలి. రాళ్లను బరువును బట్టి బీకర్లుగా విడదీయాలి, జాతిని బట్టి కాదు.

ఒక్కొక్క రాయిని విడిగా నైలాన్ గుడ్డ సంచిలో కట్టి వేలాడదీస్తే నలువైపులా ఒకేలా అరుగుతుంది. బీకరు అడుగున పడేస్తే కింది ముఖం తక్కువ అరిగి, గాడి ఒకవైపు స్పష్టంగా మిగిలి, తప్పు ఊరట ఇస్తుంది.

అరుగుదలను మూడు మెట్లుగా రాస్తాం. మొదటిది: అంచు పళ్లు, గాడి స్పష్టంగా ఉన్నది. రెండోది: అంచు నున్నబడినా గాడి కనిపించేది. మూడోది: ఆకారం మిగిలి గాడి పోయినది. పొడవు కొలవడానికి మొదటి మెట్టువే. రెండో మెట్టువి జాతి లెక్కకు. మూడో మెట్టువాటిని చేప అని మాత్రమే రాయాలి. జాతి రాయడం ఊహ అవుతుంది.

కానాగంత, కవళ్ల రాళ్లకు ముందు మొన పోతుంది, తర్వాత అంచు. తిలాపియా రాయి చిన్నదవుతూ పోయినా చాలాసేపు తిలాపియాలాగే కనిపిస్తుంది. ఇందులోనే ప్రమాదం ఎక్కువ: గుర్తుపట్టగలం కాబట్టి కొలుస్తాం, కొలిస్తే చేప చిన్నదిగా వస్తుంది. చిన్న రాయి ముందు మాయమవడానికి కారణం జ్యామితి. సైజు సగమైతే పైభాగం నాలుగో వంతు అవుతుంది, బరువు ఎనిమిదో వంతు అవుతుంది. కరిగేది పైనుంచే కాబట్టి చిన్న రాయికి గడువు తక్కువ.

తల మొత్తాన్ని ద్రావణంలో వేసి చూడటం కూడా అవసరం. కండ, ఎముక అరిగే దాకా లోపలి రాయికి ఆమ్లం తగలదు. విడి రాయితో చేసిన పరీక్ష సీల్ కడుపు కంటే కఠినం. పేగుల్లోకి పోయాక ఆమ్లం ఉండదు, అరుగుదల అక్కడితో ఆగుతుంది. ఈ బీకరు నుంచి ఫర్ సీల్‌కు సవరణ గుణకం తీయకూడదు. ఏ ఆకారం రాయి ముందు పోతుంది అనే వరుస మాత్రమే తీసుకోవచ్చు. అసలు గుణకాలు బందీ సీళ్లకు లెక్కపెట్టి చేపలు పెట్టి, మలం పోగుచేసి కట్టినవి, అవి కూడా చేప జాతిని బట్టి, తిన్న పరిమాణాన్ని బట్టి మారతాయి.

లెక్క కట్టే పద్ధతి

ముందు ఎన్ని చేపలు. ఒక ముద్దలో ఎడమ రాళ్లు 7, కుడివి 5, ఏవైపో తెలియనివి 3 అనుకోండి. మొత్తం 15. ఎక్కువున్న వైపు 7 కదా అని 7 రాయకూడదు. 15లో సగం ఏడున్నర, అంటే కనీసం 8 చేపలు. రెండు అంకెల్లో పెద్దదే రాయాలి.

తర్వాత దొరికే పాళ్లతో సవరణ. ఒక జాతి రాళ్లు పదికి ఎనిమిది, ఇంకో జాతివి పదికి నాలుగు మిగులుతాయని తెలిసి ఉంటే, 40, 20 దొరికినప్పుడు తిన్నవి 50, 50. సవరణ లేని పట్టికలో మొదటి జాతి రెండింతలు ఎక్కువ తిన్నట్టు ఉంటుంది.

ఆ తర్వాత బరువు. చేప బరువు దాని పొడవుకు దాదాపు ఘనంగా పెరుగుతుంది. అరుగుదల వల్ల పొడవు అంచనా 10 శాతం తగ్గితే బరువు 27 శాతం తగ్గుతుంది. 20 శాతం తగ్గితే బరువు సగానికి వస్తుంది. మూడు మెట్ల వర్గీకరణ మీద ఇంత పట్టుదల ఎందుకో ఈ ఒక్క వాక్యం చెబుతుంది.

సంఖ్య శాతం, బరువు శాతం, ఎన్ని ముద్దల్లో కనిపించింది అనే శాతం, మూడూ పక్కపక్కన ఇవ్వాలి. ఉదాహరణకు ఒక సీల్ నాలుగు గ్రాముల లాంతరు చేపలు 50, రెండు వందల గ్రాముల ఐస్‌ఫిష్ ఒకటి తింటే, సంఖ్యలో ఐస్‌ఫిష్ వాటా రెండు శాతం, బరువులో సగం. ఐస్‌ఫిష్‌ను మనుషులు కూడా పడతారు, హర్డ్ దగ్గరా సౌత్ జార్జియా దగ్గరా వాణిజ్య వేట ఉంది. ఏ శాతం చూపిస్తామన్న దాన్ని బట్టి సీళ్లకూ వలలకూ పోటీ ఉన్నదో లేదో అన్న అభిప్రాయమే మారిపోతుంది. దక్షిణ మహాసముద్రపు వేటను నియంత్రించే కామ్లార్ ఒప్పందం 1982లో అమల్లోకి వచ్చింది, భారత్ అందులో సభ్యదేశం. వేటాడే చేపనే కాక దాన్ని తిని బతికే జంతువుల్నీ లెక్కలోకి తీసుకోవాలన్నది దాని మూల సూత్రం. దాని పర్యవేక్షణ కార్యక్రమంలో ఎంచుకున్న జంతువుల్లో అంటార్కిటిక్ ఫర్ సీల్ ఒకటి. తప్పు శాతం అక్కడి దాకా పోకూడదు.

పెద్ద చేపను ఫర్ సీల్ నీటి పైకి తెచ్చి విదిలించి ముక్కలు చేసి తింటుంది. తల వదిలేస్తే చెవిరాయి కడుపులోకే పోదు. ఏ జల్లెడా, ఏ గుణకమూ దాన్ని పట్టలేవు. దానికి మలంలోని డీఎన్‌ఏ చూడాలి, లేదా మీసపు వెంట్రుకలో నైట్రోజన్-15 (నైట్రోజన్లో బరువైన రకం) పాళ్లు. ఆహారపు మెట్టు ఒకటి పెరిగితే అది వెయ్యికి మూడు నాలుగు పాళ్లు పెరుగుతుంది. కార్బన్-13 దక్షిణానికి పోయేకొద్దీ తగ్గుతుంది. మీసం మెల్లగా పెరుగుతుంది కాబట్టి నెలల తిండి అందులో వరుసగా ఉంటుంది. జాతి పేరు మాత్రం అది చెప్పదు.

స్క్విడ్, రొయ్యపొట్టు

స్క్విడ్ ముక్కు కైటిన్, ఆమ్లానికి చెదరదు. కడుపులో మడతల్లో ఇరుక్కొని పేరుకుంటుంది, తర్వాత సీల్ కక్కేస్తుంది. కాబట్టి మలంలో స్క్విడ్ తక్కువగా, కడుపు తెరిచి చూస్తే ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ అబద్ధమే, వేర్వేరు దిక్కుల్లో. ఫ్రోజెన్ స్క్విడ్ నోటి కండ నుంచి ముక్కు తీసి కింది ముక్కును కొలవాలి. చెవిరాళ్లకు ఉల్టా నియమం: ముక్కుల్ని ఆరబెట్టకూడదు, ముడుచుకొని పగుళ్లు పడతాయి. 70 శాతం ఆల్కహాల్లోనే ఉంచాలి.

క్రిల్‌కు బదులు కిరాణా కొట్టులో దొరికే రొయ్యపొట్టు. క్రిల్ రొయ్య కాదు, మొప్పలు బయటికే కనిపించే వేరే వంశం, కానీ ముక్కలైన వీపు పెంకును ఏరి, పరిచి, కొలిచే పనికి రొయ్యపొట్టు సరిపోతుంది. గంటసేపు నానబెట్టి ఉప్పు వదిలించి, మడత విప్పి, గాజు పలకల మధ్య నొక్కి కొలవాలి. మడత మీదే కొలిస్తే వెడల్పు తగ్గి, క్రిల్ ఆడదా మగదా అన్నదే తప్పుగా వస్తుంది. నల్లగొండ పేరుతో ఫ్లోరైడ్ తెలిసిన మనవాళ్లకు ఇంకో మాట: క్రిల్ పెంకులో ఫ్లోరైడ్ చాలా ఎక్కువ. పట్టిన క్రిల్‌ను మనుషుల తిండికి వాడాలంటే త్వరగా పెంకు వేరు చేయకపోతే అది కండలోకి దిగుతుంది.

ఇప్పుడు ఎక్కడున్నాం

కొర్రమట్ట, తిలాపియా సూత్రాలకు మూడు సైజుల చేపలూ వచ్చాయి. కానాగంతకు చిన్న సైజు కొరత. మార్కెట్‌కు వచ్చేవన్నీ దాదాపు ఒకే పొడవు. బతుకమ్మ పండుగకు కోస్తా నుంచి వచ్చిపోయేవాళ్లు ఎవరైనా పది నుంచి పదిహేను సెంటీమీటర్ల కానాగంతలు తెస్తే చాలా సాయం. తెచ్చేవాళ్లకు మూడు మాటలు: పొడవు కొలిచి రాశాకే తల కోయండి, ఉప్పు చల్లకుండా ఐసులో పెట్టండి, చీటీ పెన్సిల్‌తోనే రాయండి.